నాయకుడి గొంతు ఎవరిది: ఫాంటసీ ఆర్పీజీ ఎంచుకునే ముందు చూసుకోవలసిన సంగతి

ఫాంటసీ ఆర్పీజీ, అంటే ఊహాలోకంలో ఒక పాత్రగా మారి ఆడే వీడియో గేమ్, కొనబోయేవారు గ్రాఫిక్స్ చూస్తారు, పోరాటం ఎలా ఉందో వీడియోల్లో చూస్తారు, తమ కంప్యూటర్ దాన్ని మోయగలదో లేదో లెక్క వేసుకుంటారు. ఆ తర్వాత యాభై గంటలో వంద గంటలో ఎవరి వెంట నడవబోతున్నారో ఆ మనిషి నోరు విప్పుతాడా, విప్పితే ఎవరి గొంతుతో మాట్లాడతాడు అన్నది మాత్రం డబ్బు కట్టేశాకే తెలుస్తుంది. నేను సగంలో వదిలేసిన ఆటలను తలచుకుంటే, పోరాటం నచ్చక వదిలేసినవి రెండో మూడో ఉంటాయి. మిగిలినవన్నీ నేను ఊహించుకున్న మనిషికీ తెర మీద మాట్లాడుతున్న మనిషికీ పొంతన కుదరక వదిలేసినవే. అందుకే ఈ పోలికలో గ్రాఫిక్స్ ఊసు, ఆయుధాల ఊసు ఎత్తడం లేదు. నాయక పాత్రకు గొంతు ఉన్న ఆటలు, లేని ఆటలు, రెంటికీ నడుమ నిలిచిన ఆటలు ఎవరికి నప్పుతాయన్న ఒక్క విషయానికే కట్టుబడతాను.

ముఖం ఒకరిది, గొంతు మరొకరిది కావడం తెలుగు ప్రేక్షకులకు కొత్త కాదు. రాజశేఖర్ తెర మీదికి వస్తే సాయికుమార్ గొంతు వినిపించేది. రజనీకాంత్ తెలుగులో మాట్లాడాడంటే అది మనో గొంతు. కమల్ హాసన్‌కు చాలా ఏళ్లు బాలసుబ్రహ్మణ్యం మాట అరువిచ్చారు. ఎప్పుడైనా ఆ గొంతు మారితే మొదటి మాటకే హాల్లో తేడా తెలిసిపోయేది. అంటే గొంతు పాత్రకు పైన వేసే రంగు కాదనీ, పాత్రలో సగం అదేననీ మనకు అలవాటు కొద్దీ తెలుసు. సినిమాలో ఇక్కడితో సరిపోతుంది. ఆటలో ఇంకో చిక్కు ఉంది: ఆ పాత్రను నడిపేది మీరు. ఒక నటుడు తన గొంతుతో ఆ పాత్రను ఎంత నింపితే, మీరు నింపడానికి అంత చోటు తగ్గుతుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎక్కడ ఆగాలన్నదే అసలు ఎంపిక.

గెరాల్ట్ మీ మాట వినడు

గొంతు నాయకుడిని పూర్తిగా నింపేసిన ఆటకు ‘ది విచర్ 3’ను మించిన ఉదాహరణ నాకు కనిపించదు. పోలండ్ రాజధాని వార్సాలోని సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంస్థ 2015 మేలో విడుదల చేసిన ఈ ఆటలో నాయకుడు గెరాల్ట్, పోలిష్ రచయిత ఆండ్రే సాప్‌కోవ్‌స్కీ కథల్లోంచి వచ్చిన విచర్, అంటే డబ్బు తీసుకుని రాక్షసులను వేటాడేవాడు. అంటే మీరు ఆట మొదలుపెట్టే నాటికే అతనికి ఒక గతం, ప్రేమలు, పగలు, పెంచిన కూతురు లాంటి సిరి ఉన్నారు. ఇంగ్లీషులో డగ్ కాకిల్, పోలిష్‌లో యాచెక్ రోజెనెక్ ఈ పాత్రకు గొంతు ఇచ్చారు. విచర్లకు మందులతో, మార్పులతో మనసు చచ్చిపోతుందని ఆ లోకంలో అందరూ నమ్ముతారు. కాకిల్ కూడా ఎక్కువ మాటలను ఎత్తుపల్లాలు లేకుండా, కాస్త జీరగా, ఎదుటివాడు విన్నా వినకపోయినా పర్వాలేదన్నట్టు పలుకుతాడు. అలా చదును చేసిన గొంతులో సిరి పేరు వచ్చినప్పుడు మాత్రం ఏదో సన్నగా చిట్లుతుంది. ఆ చిట్లడం వినిపించడానికే మిగతా చదునంతా వేశారని నా అనుమానం. జవాబుగా అతను చేసే ‘హ్మ్’ అన్న శబ్దానికే పది అర్థాలు ఉన్నాయి.

ఇంత గట్టి పాత్రను నడపడంలో ఉండే ఇబ్బందిని ఒక్క సన్నివేశం చాలు చూపించడానికి. నోవిగ్రాడ్ నగరంలో డైక్‌స్ట్రా అని ఒకడు ఉంటాడు. ఒకప్పుడు రెడానియా రాజ్యపు గూఢచారులకు పెద్ద, ఇప్పుడు స్నానశాల నడుపుతూ చాటుగా నగరాన్ని నడిపిస్తుంటాడు. ఒక ఘట్టంలో అతను మీ దారికి అడ్డం నిలబడతాడు. తెర మీద కనిపించే వాటిలో ఒకటి, అతన్ని గట్టిగా పక్కకు నెట్టమని చెప్పే ఎంపిక. గట్టిగా నెట్టడమంటే భుజం తగిలించి దాటి పోవడమని ఎవరైనా అనుకుంటారు. గెరాల్ట్ అతని కాలు విరిచేస్తాడు. దాంతో డైక్‌స్ట్రాతో సాగాల్సిన తర్వాతి రాజకీయ క్వెస్ట్ (ఆటలో అప్పగించే పని) మీకు దక్కకుండా పోతుంది. గొంతు ఉన్న నాయకుడు పలకబోయే వాక్యాన్ని ముందే పూర్తిగా తెర మీద రాసేస్తే, అదే మాటను మళ్లీ వినడం విసుగనిపిస్తుంది కనుక ఆట తయారుచేసేవాళ్లు పొడి మాటల్లో సారం మాత్రం చూపిస్తారు. ఆ సారానికీ అసలు మాటకూ మధ్య ఉన్న ఖాళీలో మీరు అనుకున్న మనిషి జారిపోతాడు.

దీన్ని లోపమని కొట్టిపారేయను. గెరాల్ట్ మీరు కాదు, మీరు పగ్గాలు పట్టుకున్న ఒక మొండి గుర్రం అని ఒప్పుకుంటే ఈ ఆట ఇచ్చే ఆనందం వేరే ఎక్కడా దొరకదు. మీ గెరాల్ట్ దయగలవాడు కావచ్చు, డబ్బు మనిషి కావచ్చు; కానీ వాగుడుకాయ కాలేడు, పిరికివాడు కాలేడు, పాటలు పాడుతూ తిరిగేవాడు అసలే కాలేడు. 2023లో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 16’ ఇంకో అడుగు ముందుకు వేసింది. అందులో క్లైవ్ పాత్రకు బెన్ స్టార్ ఇంగ్లీషు గొంతు ఇచ్చాడు, మాటల ఎంపికలు దాదాపు లేవు, కథ అతనిదే. రోజంతా పని చేసి ఇంటికి వచ్చి, రాత్రి భోజనం అయ్యాక ఒక మంచి కథలో కూర్చోవాలనుకునేవారికి ఈ దారి సుఖం.

ఈ వర్గంలో యాసల పని కూడా గమనించాలి. ‘విచర్ 3’ ఇంగ్లీషు రూపంలో స్కెలిగే దీవులవాళ్లు ఐర్లండ్ పలుకుబడికి దగ్గరగా మాట్లాడతారు. వెలెన్ బురద ఊళ్ల రైతులు ఇంగ్లండ్ పల్లె యాసలో మాట్లాడతారు. నీల్ఫ్‌గార్డ్ చక్రవర్తికి చార్ల్స్ డాన్స్ ఇచ్చిన గొంతులో దర్బారు దర్పం ఉంటుంది. శ్రీకాకుళం మనిషినీ కరీంనగర్ మనిషినీ చిత్తూరు మనిషినీ నోరు తెరవగానే పోల్చుకునే మనకు, బడిలో నేర్చుకున్న ఇంగ్లీషు వల్ల ఈ తేడాలు మొదటి రోజే పట్టుబడవు. నాలుగైదు గంటలు సబ్‌టైటిల్స్ పెట్టుకుని వింటే పట్టుబడతాయి. అప్పటి నుంచి మ్యాప్ చూడకుండానే ఏ ప్రాంతంలో ఉన్నారో చెప్పగలుగుతారు.

అరువు గొంతులో మీ మనిషి

ఆటగాడు తన మనిషిని తానే చేసుకోవాలి, ఆ మనిషి మాట్లాడాలి కూడా. ఈ రెండు కోరికలనూ కలపాలని కెనడాకు చెందిన బయోవేర్ సంస్థ పదేళ్లకు పైగా ప్రయత్నించింది. 2011 మార్చిలో వచ్చిన ‘డ్రాగన్ ఏజ్ 2’లో నాయక పాత్ర ఇంటిపేరు హాక్. పురుషుడిగా ఆడితే నికలస్ బోల్టన్ గొంతు, స్త్రీగా ఆడితే జో వయట్ గొంతు. సొంత పేరు మీరు ఏదైనా పెట్టుకోవచ్చు. ఎదుటివాళ్లు మాత్రం ఇంటిపేరుతోనే పిలుస్తారు, ఎందుకంటే మీరు పెట్టే పేరును ముందే రికార్డు చేయడం ఎవరి తరమూ కాదు. ఈ చిక్కు పాతదే. 2001లో ‘ఫైనల్ ఫాంటసీ 10’ ఆ వరుసలో మొదటిసారి పాత్రలకు గొంతులు ఇచ్చినప్పుడు, నాయకుడి పేరు మార్చుకునే వీలు ఉంచారు కనుక, ఆట మొత్తంలో అతన్ని ఎవరూ నోటితో పేరు పెట్టి పిలవరు. ప్రేమించిన అమ్మాయి కూడా పిలవదు. ఒకసారి గమనించారంటే ఆ లోటు ఆట చివరి దాకా చెవిలో పోరు పెడుతూనే ఉంటుంది.

హాక్ విషయంలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటి ఉంది. జవాబులను చక్రంలా పేర్చి చూపే మాటల చక్రంలో ప్రతి ఎంపిక పక్కన ఒక గుర్తు ఉంటుంది: ఒకటి శాంతంగా మాట్లాడేందుకు, ఒకటి వెటకారానికి, ఎర్ర పిడికిలి కోపానికి. మీరు వేటిని ఎక్కువగా ఎంచుకుంటున్నారో ఆట లోలోపల లెక్క పెట్టుకుంటుంది. ఆ తర్వాత మిమ్మల్ని అడగకుండా హాక్ తనంతట తాను పలికే మాటలు కూడా ఆ లెక్క ప్రకారమే మారతాయి. మొదటి పది గంటలు వెటకారాన్నే నొక్కుతూ వచ్చినవాడు, ఒక గంభీరమైన సందర్భంలో తన హాక్ అడక్కుండానే ఒక చెణుకు విసిరితే ఉలిక్కిపడతాడు; ఆ వెంటనే, వీడిని ఇలా తయారుచేసింది నేనే కదా అని గుర్తు తెచ్చుకుంటాడు. ఆటగాళ్లు ఈ రకాలను నీలి హాక్, ఊదా హాక్, ఎర్ర హాక్ అని రంగులతో పిలుచుకుంటారు. నటుడి గొంతు, ఆటగాడి స్వభావం ఒకదాన్నొకటి నింపుకునే పద్ధతి ఇది. దీన్ని తర్వాతి ఆటలు ఇంత పట్టుదలగా కొనసాగించకపోవడం నాకు ఇప్పటికీ అర్థం కాదు. మూల్యం లేకపోలేదు: హాక్ మనిషి జాతివాడే కావాలి, వేరే జాతి ఎంచుకునే వీలు లేదు.

2014 నవంబరులో వచ్చిన ‘డ్రాగన్ ఏజ్: ఇన్‌క్విజిషన్’ ఆ జాతులను వెనక్కి తెచ్చింది. మనిషి, కొనచెవుల ఎల్ఫ్, పొట్టి డ్వార్ఫ్, కొమ్ముల కునారి అన్న నాలుగు జాతులు, పురుషులకు రెండు గొంతులు, స్త్రీలకు రెండు గొంతులు ఇచ్చారు. ప్రతి జంటలో ఒకటి బ్రిటిష్ పలుకుబడి, మరొకటి అమెరికన్ పలుకుబడి. అంటే నాయకుడు పలికే వాక్యాలను నలుగురితో నాలుగుసార్లు రికార్డు చేయాలి. ఖర్చు అలా పెరిగినప్పుడు ఒక్కో సందర్భానికి రాసే జవాబుల సంఖ్య తగ్గుతుంది, ఆ జవాబులు ఎవరి నోటికైనా సరిపోయేలా నునుపు తేలుతాయి. ఆరడుగులు దాటిన కునారి యోధురాలూ నడుము ఎత్తు డ్వార్ఫ్ దొంగా అదే గొంతుతో అదే వాక్యం పలికితే, వాళ్లను వేరు చేసేది ముఖం ఒక్కటే అవుతుంది. 2024 అక్టోబరు నాటి ‘డ్రాగన్ ఏజ్: ది వెయిల్‌గార్డ్’లోనూ రూక్ అనే నాయక పాత్రకు నలుగురు నటులు ఉన్నారు, ఇక్కడ కూడా పిలుపు పేరు ముందే ఖాయం.

మీరు ఈ మధ్యేమార్గాన్ని ఎంచుకుంటే ఒక చిన్న మాట. పాత్రను తయారుచేసే తెరలో ముక్కు, గడ్డం, కనుబొమ్మల దగ్గర గంట గడిపి, గొంతు దగ్గర అర నిమిషంలో తేల్చేయకండి. ముక్కును మీరు చూసేది అరుదు, గొంతును వినేది ప్రతి పది నిమిషాలకు. ‘డ్రాగన్ ఏజ్’ లోకంలో డ్వార్ఫులు అమెరికన్ పలుకుబడిలో మాట్లాడతారు కనుక, డ్వార్ఫ్‌ను ఎంచుకునేవారు అమెరికన్ గొంతు తీసుకుంటే చుట్టుపక్కల జనంలో కలిసిపోతారు. బ్రిటిష్ గొంతు తీసుకుంటే ఊరు విడిచి ఎక్కడో పెరిగినవాడిలా వినిపిస్తారు. రెండోది కూడా ఒక కథే, కానీ తెలిసి ఎంచుకోవాలి.

నోరు విప్పని నాయకుడు, నోరున్న నేస్తాలు

బయోవేర్ 2009 నవంబరులో విడుదల చేసిన, ‘డ్రాగన్ ఏజ్’ వరుసలో మొదటి ఆట ‘ఆరిజిన్స్’లో నాయక పాత్ర సంభాషణల్లో ఒక్క మాట కూడా పైకి పలకదు. బదులుగా ఆరు వేర్వేరు ఆరంభ కథలు ఇచ్చారు: రాజకుటుంబపు డ్వార్ఫ్, అదే నగరపు మురికివాడలో పుట్టిన డ్వార్ఫ్, అడవి ఎల్ఫ్, నగరంలో గోడల మధ్య బతికే ఎల్ఫ్, మంత్రవిద్య నేర్చుకునే మనిషి లేదా ఎల్ఫ్, దొర ఇంటి మనిషి. ఒక్కో ఆరంభం గంటకు పైగా నడుస్తుంది, తర్వాత కథలో జనం మిమ్మల్ని చూసే చూపు కూడా దాన్ని బట్టి మారుతుంది. నాయకుడి మాటలను రికార్డు చేయనక్కర లేనందువల్లే ఇన్ని జవాబులు, ఇన్ని పుట్టుకలు రాయగలిగారని నా నమ్మకం. తెర మీద కనిపించేది సారం కాదు, పూర్తి వాక్యం. మీరు చదివిందే మీరు అన్నది. ఆ వాక్యాన్ని కోపంగా అన్నారా, నవ్వుతూ అన్నారా అన్నది మీ లోపలి గొంతు తేల్చుకుంటుంది.

గొంతులన్నీ చుట్టూ ఉన్నవాళ్లకు దక్కాయి. మారిగన్‌కు క్లాడియా బ్లాక్, అలిస్టర్‌కు స్టీవ్ వాలంటైన్. మీరు దారిలో నడుస్తుంటే వెనుక ఈ ఇద్దరూ ఒకరినొకరు గిల్లుకుంటూ వస్తారు, ఆమె మాటల్లో తేనె పూసిన ముల్లు, అతని మాటల్లో భయాన్ని దాచే పరిహాసం. సహచరులు ఎదురెదురుగా గొంతులు కలిపినప్పుడే ఎవరు ఎవరో తెలుస్తుంది. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క తెర మీద ఒకరినొకరు తగులుకుంటే కళ్లు మూసుకున్నా ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది కదా, అలాంటిదే ఇది. దీని లోటు కూడా చెప్పాలి: అందరూ ఏడుస్తూ అరుస్తూ ఉన్న ఘట్టంలో కెమెరా మీ నాయకుడి ముఖం మీదికి వచ్చినప్పుడు అక్కడ గుడి ముందు ద్వారపాలకుడి విగ్రహంలాంటి ముఖం కనిపిస్తుంది.

ఈ పద్ధతికి ఇప్పటి వరకు వచ్చిన అతి పెద్ద రూపం బెల్జియంలోని ఘెంట్ నగరానికి చెందిన లారియన్ సంస్థ 2023 ఆగస్టులో విడుదల చేసిన ‘బాల్డర్స్ గేట్ 3’. ఇక్కడ ఎంపిక కాస్త మెలిక తిరిగి ఉంటుంది, నేను అందులోనే పడ్డాను. ఆట మొదట్లో మీ సొంత పాత్రను చేసుకోవచ్చు. ఆటగాళ్ల వాడుకలో అతని పేరు టావ్. లేదా ఆస్టారియన్, గేల్, కార్లాక్, లాయ్‌జెల్, షాడోహార్ట్, విల్ అనే తయారు పాత్రల్లో ఒకరిగా ఆడవచ్చు. వీరికి గతం, రహస్యం, శత్రువులు అన్నీ ముందే ఉన్నాయి. గుర్తింపు ఉన్న పాత్ర కావాలనుకున్న నేను మరో ఆలోచన లేకుండా రక్తం తాగే ఆస్టారియన్‌ను ఎంచుకున్నాను. పది గంటలు గడిచాక తెలిసింది: మీరు ఎవరిగా ఆడితే వారి గొంతు సంభాషణల్లో ఆగిపోతుంది. దారిలో నడిచేటప్పుడు, కత్తి దూసినప్పుడు రెండు ముక్కలు వినిపిస్తాయి, అంతే. ఆ పాత్రకు నీల్ న్యూబన్ చేసిన నటనకు 2023 డిసెంబరులో ది గేమ్ అవార్డ్స్ ఉత్తమ నటన పురస్కారం వచ్చింది. నేనేమో సరిగ్గా ఆ నటనకే నా చేతులతో తాళం వేశాను. తప్పు నాదే, ముందు కాస్త చదివి ఉండవలసింది.

మళ్లీ మొదటి నుంచి టావ్‌తో ఆడినప్పుడు తేడా ఒడ్డు మీదే తెలిసింది. కూలిన ఓడ దగ్గర ఆస్టారియన్ మిమ్మల్ని పిలుస్తాడు, పొదలో ఏదో జంతువును చిక్కించుకున్నానని, వచ్చి సాయం పట్టమని. మాటలో మర్యాద ఉంటుంది, కాస్త వణుకు కూడా నటిస్తాడు. దగ్గరికి వెళ్లగానే మీ గొంతు మీద కత్తి, ఆ మర్యాద స్థానంలో మరో గొంతు. ఒకే మనిషిలో రెండు గొంతులు ఉన్నాయని, మొదటిది తొడుగు అని, ముందు ముందు ఆ తొడుగు ఎక్కడెక్కడ చిరుగుతుందో వినాలని ఆ ఒక్క నిమిషంలోనే తెలిసిపోతుంది. ఆస్టారియన్‌గా ఆడేవారికి ఇది దక్కదు. వారికి వేరే సంగతులు దక్కుతాయి, రాత్రి శిబిరంలో ఎవరి మెడ మీద పళ్లు పెట్టాలో తేల్చుకునే ఘట్టం లాంటివి. కనుక మొదటిసారి టావ్‌గా ఆడండి, తయారు పాత్రలను రెండోసారికి ఉంచండి. ‘డార్క్ అర్జ్’ అనే ఏడో దారి ఒకటి ఉంది, రూపం మీ ఇష్టం, గతం మాత్రం నెత్తుటి గతం. గొంతు లేకపోయినా గట్టి గుర్తింపు కావాలంటే అది మంచి ఎంపిక, కానీ కడుపులో తిప్పే ఘట్టాలు ఉంటాయి.

ఇక ఈ ఆటలో మీ నాయకుడి మౌనాన్ని నింపేది అమీలియా టైలర్ అనే వ్యాఖ్యాత గొంతు. బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’లో ఆట నడిపేవాడు, నీకు ఇలా అనిపిస్తోంది, నీకు అక్కడ ఏదో కదిలినట్టుంది అని చెబుతుంటాడు; ఆమె చేసేది ఆ పనే. హరిదాసు కథ మధ్యలో ఆపి శ్రోతలకు పాత్ర మనసులో మాట చెప్పినట్టు ఉంటుంది. కొందరికి అది అడ్డంకి అనిపిస్తుంది. నాకైతే నా పాత్ర మనసు ఆమె నోట వినిపించడం వల్ల ఆ మౌనం బొమ్మ మౌనంలా తోచలేదు. ఇదే సంస్థ 2017లో చేసిన ‘డివినిటీ: ఒరిజినల్ సిన్ 2’లోనూ వ్యాఖ్యాత ఉన్నాడు, మీ జవాబులు అక్కడ వాక్యాలుగా కాక, అతన్ని ఫలానా సంగతి అడుగు అన్నట్టు పని రూపంలో కనిపిస్తాయి. నేరుగా మాట్లాడినట్టు ఉండదు కనుక అలవాటు పడడానికి కొంత సమయం పడుతుంది.

విశాలమైన లోకం, చాలీచాలని గొంతులు

బెథెస్డా సంస్థ 2011 నవంబరు 11న తెచ్చిన ‘స్కైరిమ్’ను ఇక్కడ త్వరగా దాటవచ్చు, ఎందుకంటే దాని గొప్పతనం మాటల్లో లేదు. పది జాతులు, మాట్లాడని నాయకుడు. అతను ‘ఫుస్ రో దా’ అని మంత్రపు కేక పెడితే మనుషులు గాలిలో ఎగిరిపోతారు, కానీ సంతలో ఉల్లిపాయ ధర మాత్రం గొంతు పెగిల్చి అడగడు. 70 మందికి పైగా నటులు, 60,000కు పైగా వాక్యాలు ఉన్నా, ఊరూరా జనం అంతమంది ఉంటే ఒకే గొంతు పదిమందికి పంచక తప్పదు. మోకాలికి బాణం తగిలిన కథను ఏ ఊరి కాపలావాడైనా చెబుతాడు. మిమ్మల్ని కాపాడడానికి ఇచ్చే అనుచరుల్లో కొందరు మూటలు మోయమంటే ఒకే వాక్యంతో సణుగుతారు. 2012లో వచ్చిన ‘డాన్‌గార్డ్’ అదనపు కథలో సెరానా పాత్రకు లారా బెయిలీ ప్రత్యేకంగా గొంతు ఇవ్వడంతో, ఆమె ఒక్కతే ఆ జనం నుంచి మనిషిలా విడిపడి నిలబడింది. ప్రత్యేక గొంతు ఎంత పని చేస్తుందో అదే ఆటలో ఎదురెదురుగా చూడవచ్చు.

అదే వరుసలో దీనికి ముందరి 2006 నాటి ‘ఆబ్లివియన్’లో పరిస్థితి ఇంకా వింత. చక్రవర్తికి ప్యాట్రిక్ స్టూవర్ట్‌ను తెచ్చారు, ఆ చక్రవర్తి ఆట మొదట్లోనే చనిపోతాడు. మిగతా లోకాన్ని కొద్దిమంది నటులు మోశారు. వీధిలో ముసలి గొంతుతో వణుకుతూ చిల్లర అడిగే బిచ్చగాడిని, ఊళ్లో కబుర్లు ఏమిటని అడిగితే, ఉన్నట్టుండి బలమైన మధ్యవయస్కుడి గొంతులో సమాధానం చెబుతాడు. మళ్లీ డబ్బు అడగాల్సి వస్తే వణుకు తిరిగి వస్తుంది. నవ్వు వస్తుంది, కానీ ఆ ఒక్క క్షణంలో బిచ్చగాడు పాత్రగా చచ్చిపోతాడు. అదే సంస్థ 2015లో ఫాంటసీ కాని ‘ఫాల్‌అవుట్ 4’లో నాయకుడికి గొంతు ఇచ్చి చూసింది, 2023 నాటి ‘స్టార్‌ఫీల్డ్’లో తిరిగి మౌనానికే వచ్చింది. గొంతు ఇవ్వడం ఎప్పుడూ ముందడుగే అనుకునేవారు ఈ వెనకడుగును గుర్తుంచుకోవాలి.

చదవడానికి భయపడనివారికి మరో దారి ఉంది. 1999 నాటి ‘ప్లేన్‌స్కేప్: టార్మెంట్’లో పలికే మాటలు కొన్నే, చదవవలసినవి లక్షల్లో. అయినా అందులోని పాత్రలు ఒకరిలా ఒకరు ఉండరు, ఎందుకంటే రాతలోనే ఒక్కొక్కరికి పదాల పోకడ వేరు. 2015 నాటి ‘పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ’ కొంత గొంతు, ఎక్కువ రాత; 2018లో దాని రెండో భాగం పూర్తిగా గొంతులతో వచ్చింది. ఇంగ్లీషు వినడం కంటే చదవడం తేలికగా ఉండే తెలుగువారికి, ముఖ్యంగా పక్క గదిలో పిల్లలు నిద్రపోతుంటే శబ్దం తగ్గించి ఆడేవారికి, ఈ పాత పద్ధతి నిజంగా పనికొస్తుంది.

ఎవరికి ఏది

ఇక్కడ పేర్కొన్న ఆటల్లో ఏదీ తెలుగు గొంతుతో గానీ తెలుగు సబ్‌టైటిల్స్‌తో గానీ రాలేదు. కనుక మీ ఇంగ్లీషు వినికిడి ఎంత అన్నది మొదటి ప్రశ్న. వేగంగా మాట్లాడితే అందదనుకుంటే గొంతు లేని నాయకుడే మేలు, ఎందుకంటే అక్కడ ప్రతి జవాబునూ మీరు తీరిగ్గా చదివి ఎంచుకుంటారు, ఆట ఆగి ఉంటుంది. వినికిడి బాగుంటే ‘విచర్ 3’తో మొదలుపెట్టండి. రెండోసారి ఆడేటప్పుడు పోలిష్ గొంతులు పెట్టి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో చూడండి. భాష అర్థం కాకపోయినా, రోజెనెక్ గెరాల్ట్‌లో అలసట కాకిల్ గెరాల్ట్ కంటే ఎక్కువని నాకు అనిపించింది. ‘బాల్డర్స్ గేట్ 3’లో గొంతులు ఇంగ్లీషులోనే ఉన్నాయి.

స్థలం సంగతి కూడా తేలికగా తీసుకోవద్దు. ‘విచర్ 3’కు సుమారు 50 జీబీ, ‘బాల్డర్స్ గేట్ 3’కు 150 జీబీ చోటు కావాలని ప్రకటించారు. పరిమిత డేటాతో నడిచే ఇంట్లో ఈ తేడా చిన్నది కాదు. ఈ రెండూ పెద్దలకు ఉద్దేశించినవి, ఇంట్లో పద్నాలుగేళ్ల పిల్లవాడి కోసం చూస్తుంటే ఈ పేర్లు పక్కన పెట్టండి.

మీరు కథలు చదివే మనిషై, ఇతరుల జీవితంలో కాసేపు నడవడం ఇష్టమైతే గెరాల్ట్, క్లైవ్ లాంటి గొంతు గట్టిపడిన నాయకులు. ఆటకు కూర్చునే ముందే కాగితం మీద పాత్ర పేరు, ఊరు, భయాలు రాసుకునే రకమైతే ‘ఆరిజిన్స్’ లేదా టావ్. గొంతున్న నాయకుడు ఆ కాగితాన్ని మొదటి వాక్యంతోనే చింపేస్తాడు. స్వభావం వరకు మీరు తేలిస్తే చాలు, పలకడం ఇంకెవరో చూసుకోవాలనుకుంటే హాక్. ‘ఇన్‌క్విజిషన్’ను ఈ కారణంతో కొనమని చెప్పలేను, దాన్ని సహచరుల కోసం కొనండి. జనంతో పని లేదు, కొండలూ మంచూ చాలంటే ‘స్కైరిమ్’.

మౌన నాయకులకు కృత్రిమ మేధతో గొంతు అతికించే మాడ్స్ (ఆటకు అభిమానులు చేసే మార్పులు) గురించి కూడా అడుగుతుంటారు. ఒక నటుడి గొంతును అతని అనుమతి లేకుండా అచ్చు వేసి మరో పాత్ర నోట పలికించేవి అందులో ఉన్నాయి. అమెరికాలో నటుల సంఘం గేమ్ కంపెనీల మీద 2024 జులైలో మొదలుపెట్టి దాదాపు ఏడాది పాటు నడిపిన సమ్మెకు ప్రధాన కారణం ఈ సంగతే. అనుమతి ఉందో లేదో తేలని మాడ్ జోలికి నేను వెళ్లను. పైగా ‘ఆరిజిన్స్’ నాయకుడికి అలా గొంతు అతికిస్తే, మీ లోపలి గొంతు కోసం రచయితలు వదిలిన ఆ కాస్త చోటూ పోతుంది.

అయినా తేల్చుకోలేకపోతే ఒక పని చేయండి. ఆట వెనక్కి ఇచ్చి డబ్బు తిరిగి తీసుకునే గడువు ఉన్న దుకాణంలో కొని, ఆ గడువు లోపల మొదటి పెద్ద సంభాషణ దాకా ఆడండి. ఎంపిక నొక్కిన తర్వాత నాయకుడు పలికిన మాట, లేదా పలకని మాట, మీరు మనసులో అనుకున్న దానికి దగ్గరగా ఉందో లేదో మూడు సార్లు గమనించండి. మూడింట్లో రెండుసార్లు చిరాకు పుడితే అక్కడే ఆపేసి, పక్క వర్గంలోని ఆటకు మారండి. నలభై గంటలు గడిచాక అలవాటవుతుందిలే అనుకుని కొనసాగించిన ఏ నాయకుడి గొంతూ నాకు ఇంతవరకు అలవాటు కాలేదు.